లారీకి బయట వేయించిన హెడ్‌లైట్లు సరిగ్గా వెలగకపోతే: బ్యాటరీ నుంచి బల్బు దాకా తప్పు పట్టుకునే పద్ధతి

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, అక్కడినుంచి ఘాట్ ఎక్కే డ్రైవరుకు మలుపు తిరిగేదాకా ముందేముందో తెలియదు. ఉద్దానంలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని ఇచ్ఛాపురం దాటాల్సినవాళ్లకు జాతీయ రహదారి ఎక్కేలోపే వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు ఎదురవుతాయి. కంపెనీ ఇచ్చిన లైటు చాలదని మనవాళ్లు రిలే కిట్టు వేయించుకోవడం అందుకే. పాత స్విచ్చు సైగతో, బ్యాటరీ కరెంటును లావు వైరు మీదుగా నేరుగా బల్బుకు కలిపే రిలేలు, వైర్ల సెట్టు అది. కొత్తలో బాగానే వెలుగుతుంది. ఒక వానాకాలం గడిచాక ఒక పక్క మసకబారుతుంది, లేదా గోతిలో పడినప్పుడల్లా ఆరి వెలుగుతుంది, లేదా నడిరోడ్డు మీద రెండూ ఒక్కసారే పోతాయి.

ఆ దశలో మామూలుగా జరిగేది ముందు బల్బు మార్చడం, తర్వాత రిలే మార్చడం, ఆ తర్వాత కిట్టు మొత్తం పీకేసి ఇంకోటి వేయడం. డబ్బు పోతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే బయట వేసిన వైరింగులో తప్పు సాధారణంగా కొన్న వస్తువులో ఉండదు, వాటిని కలిపిన చోట ఉంటుంది. ఎర్త్‌లో (బల్బు నుంచి కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారిలో), జాయింటులో, హోల్డరులో ఉంటుంది. లైటు వెలుగుతుండగా వోల్టేజి ఎక్కడ పడిపోతోందో కొలిస్తే అది దొరుకుతుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ కొలత గురించే.

ముందు బండి సంగతి

బ్యాటరీ పెట్టె మూత తీయండి. రెండు బ్యాటరీలుండి, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు పట్టీతో కలిపి ఉంటే అది 24 వోల్టుల బండి. ఆరు చక్రాలు, అంతకు పైన ఉన్న లారీలు ఎక్కువగా ఇవే. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి 12 వోల్టులు. ఇది తేల్చుకోకుండా ఒక్క వైరు కూడా ముట్టుకోవద్దు. బల్బు, రిలే, టెస్టు లాంపు అన్నీ దీన్నిబట్టే ఉంటాయి. హెచ్4 అంటే డిమ్, బ్రైట్ ఫిలమెంట్లు రెండూ ఒకే గాజులో ఉండే హెడ్‌లైటు బల్బు. 24 వోల్టుల హెచ్4 బల్బు మీద 75/70 వాట్లని ఉంటుంది, 12 వోల్టుల దాని మీద 60/55 అని ఉంటుంది. 12 వోల్టుల రిలేను 24కి తగిలిస్తే దాని కాయిలు (అయస్కాంతమై లోపలి పాయింట్లను లాగే తీగచుట్ట) మాడిపోతుంది. 24 రిలేను 12కి తగిలిస్తే అసలు లాగదు, లాగినా టకటకమంటూ కొట్టుకుంటుంది. రిలే డబ్బా మీద వోల్టేజి రాసి ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి.

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్6 బండ్లలో చాలావాటికి లైట్లను ఎలక్ట్రానిక్ పెట్టె నడిపిస్తుంది. వాటిలో స్విచ్చు వైరును టెస్టు లాంపుతో తడమకూడదు, మీటరు మాత్రమే వాడాలి. ఆ పెట్టెలోంచి వచ్చే వైరును కోసి కిట్టు అతికించడం నాకు ససేమిరా నచ్చదు. వారంటీ ఉన్న బండైతే కంపెనీ వర్క్‌షాపులో అడిగి, వాళ్ల హార్నెస్సే (వైర్ల కట్టే) వేయించుకోండి.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటరు ఒకటి, ఖరీదైనది అక్కర్లేదు. మీ బండి వోల్టేజికి సరిపడే 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్టు లాంపు. మీటరుకు ఒక బలహీనత ఉంది. తెగిపోవడానికి సిద్ధంగా, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులో కూడా అది 24 వోల్టులు చూపిస్తుంది. టెస్టు లాంపు కరెంటు తాగుతుంది కాబట్టి ఆ మోసం దాని దగ్గర సాగదు. ఇవి కాక నాలుగైదు మీటర్ల వైరు రెండు కొసలకూ క్లిప్పులతో, తీగ బ్రష్షు, ఎమెరీ కాగితం, రకరకాల ఫ్యూజులు, తింబిళ్లు (వైరు కొసకు తొడిగి బిగించే లోహపు ముక్కలు), వాటిని నొక్కే ప్లయర్, కాగితం, పెన్ను. కాగితం తప్పకుండా ఉండాలి. ప్రతి కొలతా రాసుకోండి.

బండి చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు చెక్కలు పెట్టండి. క్యాబిన్ ఎత్తితే దాని లాకు కడ్డీ పూర్తిగా పడిందో లేదో చేత్తో తడిమి చూశాకే కిందకు వెళ్లండి. చేతి ఉంగరం, కడియం తీసేయండి. 24 వోల్టులకు మనిషికి షాకు కొట్టదు గానీ, బ్యాటరీ ప్లస్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు కాలుతుంది. వైరు కోయాల్సి వచ్చినా, కొత్తది వేయాల్సి వచ్చినా బ్యాటరీ మైనస్ తీసేయండి.

లైటు ఏం చెబుతోంది

పానా పట్టుకునే ముందు రెండు నిమిషాలు లైట్ల వైపు చూడండి. డిమ్ వేసి, బ్రైట్ వేసి, ఒక్కో పక్కకు వెళ్లి గమనించండి.

ఒక పక్క ఒక్కటే, అదీ డిమ్ మాత్రమే లేదా బ్రైట్ మాత్రమే పోతే బల్బులో ఫిలమెంటు తెగింది, లేదా ఆ ఒక్క పిన్ను దగ్గర హోల్డరు కాలింది. రెండు పక్కలా డిమ్ పోయి బ్రైట్ ఉంటే డిమ్ రిలే, దాని ఫ్యూజు, స్విచ్చు వైపునుంచి దానికి వచ్చే సిగ్నల్ వైరు చూడాలి. రెండు పక్కలా రెండూ పోతే మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ దగ్గరి తింబిలు, లేదా రెండు లైట్లకూ ఒకే చోట బిగించిన ఎర్త్. ఇంజను రేజ్ చేస్తే వెలుగు పెరిగి, వదిలితే తగ్గితే బ్యాటరీ, డైనమో వైపు చూడాలి.

ఇంకొక లక్షణం చాలామందిని తికమక పెడుతుంది. డిమ్ వేస్తే ఒక పక్క సరిగ్గా వెలుగుతుంది, రెండో పక్క ఎర్రగా, నిప్పు కణికలా, డిమ్ము ఫిలమెంటూ బ్రైటు ఫిలమెంటూ రెండూ మసగ్గా వెలుగుతాయి. రిలే కాలిపోనాది బాబూ అని తేల్చేస్తారు. రిలేకు ఏమీ కాలేదు. మసకగా ఉన్న పక్క ఎర్త్ తెగింది. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ పిన్ను ఒక్కటే. అది తెగితే డిమ్ ఫిలమెంటులోకి వచ్చిన కరెంటుకు బయటకు పోయే దారి లేక, బ్రైటు ఫిలమెంటులోకి ఎదురెక్కుతుంది. అక్కడినుంచి బ్రైటు వైరు పట్టుకుని అవతలి పక్క లైటుకు వెళ్లి, దాని బ్రైటు ఫిలమెంటు ద్వారా ఎర్త్ అవుతుంది. మూడు ఫిలమెంట్లు వరసగా పడటంతో ఒక్కోదానికీ కాస్తే అందుతుంది. కంపెనీ వైరింగులోనైతే డాష్‌బోర్డు మీద బ్రైటుకు వెలిగే నీలం దీపం కూడా అప్పుడు మసగ్గా కనబడుతుంది. రిలే కిట్టులో ఆ దీపం పాత వైరు మీదే ఉంటుంది కాబట్టి కనబడకపోవచ్చు. అది వెలగలేదు కదా అని ఎర్త్‌ను వదిలేయొద్దు. నిర్ధారించుకోవడం తేలిక. క్లిప్పుల వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆ బల్బు ఎర్త్ పిన్నుకు తగిలించండి. వెంటనే తెల్లగా వెలిగితే తప్పు దొరికినట్టే.

మొదటి కొలత: బ్యాటరీలు

ఇంజను ఆపి, కొంతసేపు వదిలాక ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, రెండూ కలిపి 25.2. ఇంజను నడుస్తున్నప్పుడు రెండూ కలిపి 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. 12 వోల్టుల బండికి ఇందులో సగం. ఇంజను రేజ్ చేసినా 26 దాటకపోతే డైనమో చార్జింగు ఇవ్వడం లేదు. 29 దాటిపోతుంటే డైనమో వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు పాడైంది. బల్బులు ఊరికే పేలిపోతున్నాయని కంపెనీ మార్చేవాళ్లు ముందు ఈ అంకె చూడాలి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి కొద్దిగా పెరిగినా ఆయుష్షు విపరీతంగా పడిపోతుంది.

ఇంజను నడుస్తుండగా రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలిచినప్పుడు ఒకటి 13.2, ఇంకోటి 14.9 లాగా తేడా వస్తే ఆగండి. ఎక్కువగా ఎవరో మధ్య పట్టీ మీదినుంచి 12 వోల్టులు తీసి ఉంటారు. మన వైపు లారీల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పని ఇదే. 12 వోల్టుల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లో, పాటల సెట్టో దొరికిందని ఒకే బ్యాటరీ మీద తగిలిస్తారు. లైటు వెలుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది. డైనమోకు ఈ సంగతి తెలియదు, రెండింటికీ కలిపి 28 వోల్టులు ఇస్తుంది. ఖాళీగా ఉన్నది తక్కువ తీసుకుంటుంది, మిగిలినదంతా నిండుగా ఉన్నదాని మీద పడి అందులో నీళ్లు మరిగిపోతాయి. చివరికి ఒకటి ఆకలితో, ఇంకోటి అజీర్తితో, రెండూ పోతాయి. జత బ్యాటరీల ధర ముందు 24ను 12గా మార్చే కన్వర్టరు ధర ఎంతో తక్కువ. ఇంకా మంచిది, 10 నుంచి 30 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉన్న లైట్లే కొనడం. అలా 12 వోల్టులు తీసుకున్న తీగ పీకేశాక రెండు బ్యాటరీలనూ విడివిడిగా 12 వోల్టుల చార్జరు మీద పూర్తిగా నింపి, అప్పుడే మళ్లీ జతకలపండి.

రెండో కొలత: బల్బు దగ్గర ఎంత చేరుతోంది

ఇంజను నడుస్తూ ఉండాలి, లైటు వెలుగుతూ ఉండాలి, హోల్డరు బల్బుకు తగిలే ఉండాలి. హోల్డరు ఊడదీసి కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు. హోల్డరు వెనకనుంచి, వైరు పక్కగా మీటరు సూదిని లోపలి రేకుకు తగిలించండి.

మీ బల్బులో ఎర్త్ పిన్ను ఏదో తెలియకపోతే బల్బు తీసి, మూడు పిన్నుల్లో రెండేసి చొప్పున మూడు జతలకూ ఓములు కొలవండి. ఏ జతకు అంకె ఎక్కువ వస్తుందో ఆ రెండూ డిమ్, బ్రైట్. మిగిలిన మూడోది ఎర్త్. చల్లటి ఫిలమెంటు ఓమ్ దగ్గరలోనే ఉంటుంది కాబట్టి తేడా చిన్నదే, నిదానంగా చూడండి. హాలోజన్ బల్బు గాజును మాత్రం వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పాడవుతుంది.

ఇక ఒక్కో పక్కకూ మూడు అంకెలు రాయండి. బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య ఎంత? మీటరు ఎర్ర సూది బ్యాటరీ ప్లస్‌కు, నల్ల సూది బల్బు డిమ్ పిన్నుకు పెడితే ఎంత? ఎర్ర సూది బల్బు ఎర్త్ పిన్నుకు, నల్లది బ్యాటరీ మైనస్‌కు పెడితే ఎంత? రెండో అంకె దారిలో ప్లస్ వైపు పోతున్న వోల్టేజి, మూడోది ఎర్త్ వైపు పోతున్నది. మీటరు వైర్లు అంత దూరం అందవు కాబట్టి క్లిప్పుల వైరుతో పొడిగించుకోండి.

మంచి కిట్టులో ప్లస్ వైపు అర వోల్టు లోపు, ఎర్త్ వైపు 0.2 లోపు ఉండాలి. ఎర్త్ వైపు ఒక వోల్టు కనబడితే ఇక ప్లస్ వైపు ఎంత వెతికినా లాభం లేదు. ప్లస్ వైపు ఎక్కువ ఉంటే అదే పద్ధతిలో ముక్కలు చేయండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ఇవతలికి, ఫ్యూజు ఇవతలినుంచి అవతలికి, అక్కడినుంచి రిలే 30కి, 30 నుంచి 87కి, 87 నుంచి బల్బుకి (ఇవి రిలే కాళ్ల నంబర్లు, కింద వివరించాను). ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగురుతుందో తప్పు అక్కడే.

ఇంత పట్టింపు దేనికంటే, ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, సుమారు 30 శాతం తగ్గుతుంది. 12 వోల్టుల పికప్‌లో రెండు డిమ్ బల్బులూ కలిపి 9 ఆంపియర్లకు పైగా తాగుతాయి. అంత కరెంటు ఒక చదరపు మిల్లీమీటరు వైరులో ఆరు మీటర్లు నడిస్తే వైరులోనే ఒక వోల్టు పోతుంది. స్విచ్చు, జాయింట్లు ఇంకో 0.4 తింటే 13.8కి బల్బు దగ్గర మిగిలేది 12.4. అలాంటి బండికి రిలే కిట్టు నిజంగా మేలు చేస్తుంది. 24 వోల్టుల లారీలో అదే వాట్లకు కరెంటు సగమే. వైరులో పోయేది సగం, మొత్తం వోల్టేజిలో దాని వాటా 12 వోల్టుల బండితో పోలిస్తే పావు వంతే. అందుకే లారీలో లైటు మందగిస్తే వైరు సన్నమని అనుమానించకండి, ఏదో జాయింటు కుళ్లిందని అనుకుని వెతకండి.

ఎర్త్ గురించి విడిగా

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లు, ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారుకుంటూ చేపలు, రొయ్యలు మోసే బండ్లు ఏ బోల్టు చూసినా తుప్పే. కిట్టు వేసేవాళ్లు దగ్గర్లో కనబడిన రేకుకు, రంగు మీదే, ఎర్త్ తింబిలు బిగించి వదిలేస్తారు. కొత్తలో బోల్టు మరల ద్వారా కరెంటు పోతుంది, ఆరు నెలలకు ఆ మరల్లో తుప్పు చేరుతుంది.

ఇంకో సంగతి, లారీ క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దానికీ ఛాసిస్‌కూ కరెంటు దారి ఒక అల్లిక పట్టీ మాత్రమే. ఆ పట్టీ తెగితే లేదా పచ్చబడితే క్యాబిన్ రేకుకు బిగించిన ఎర్త్‌లన్నీ ఒకేసారి బలహీనపడతాయి. లైటు వేస్తే వైపరు నెమ్మదించడం, హారన్ కొడితే లైటు తగ్గడం దీని గుర్తులు.

బాగుచేసేటప్పుడు రెండు లైట్ల ఎర్త్ వైర్లనూ విడివిడిగా తెచ్చి, ఇంజను లేదా ఛాసిస్ మెయిన్ ఎర్త్ బోల్టు దగ్గర, లేకపోతే నేరుగా బ్యాటరీ మైనస్ దగ్గర కలపడం నా సలహా. వైరు ప్లస్ వైరంత లావు ఉండాలి. బోల్టు చుట్టూ రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు లేదా వాసెలిన్ దట్టంగా పూయండి. బిగించాకే పూయాలి. బంపరును, ప్లాస్టిక్ గ్రిల్లు పట్టుకునే రేకులను ఎర్త్‌గా నమ్మొద్దు.

రిలే

నంబర్లు అన్ని రిలేలకూ దాదాపు ఒకటే. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు వస్తుంది. 87 నుంచి బల్బుకు పోతుంది. 85, 86 కాయిలువి. అయిదు కాళ్ల రిలేలో మధ్యలో 87ఏ అని ఉంటుంది. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు 30కి కలిసి ఉండేది అదే. స్విచ్చు వేయకుండానే లైటు వెలిగి, వేస్తే ఆరిపోతోందంటే వైరు 87ఏ మీద పడింది.

లైటు వేసి రిలే మీద వేలు పెట్టండి. టక్కుమంటే కాయిలు బాగానే ఉంది. అప్పుడు 30 దగ్గర, 87 దగ్గర వోల్టేజి చూడండి. రెండింటికీ 0.2 వోల్టుల కన్నా ఎక్కువ తేడా ఉంటే లోపలి పాయింట్లు మాడాయి, రిలే మార్చడమే. దాన్ని ఊడదీసి ఎమెరీతో రుద్ది మళ్లీ వేస్తే ఘాట్‌లో మొండికేస్తుంది. టక్కు అనకపోతే 85, 86ల మధ్య కొలవండి. బండి వోల్టేజి పూర్తిగా ఉండీ లాగకపోతే కాయిలు పోయింది. మీటరుతో చూస్తే 24 వోల్టుల కాయిలు 300 ఓముల చుట్టుపక్కల, 12 వోల్టులది 90 చుట్టుపక్కల ఉంటుంది. వోల్టేజే లేకపోతే కాయిలు ప్లస్ రావడం లేదా, ఎర్త్ రావడం లేదా అని ఒక్కోదాన్నీ టెస్టు లాంపుతో చూసుకోండి. కొన్ని రిలేలకు లోపల డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే ముక్క) ఉంటుంది, డబ్బా మీద బొమ్మ గీసి ఉంటుంది. వాటికి 86 ప్లస్, 85 మైనస్ తప్పకూడదు. తిప్పి వేస్తే డయోడ్ షార్టై సిగ్నల్ ఫ్యూజు పోతుంది.

ఇక్కడే చాలా కిట్టులకు ఒక లోపం ఉంది. రెండు రిలేలకూ సిగ్నల్ ఒకే పక్క పాత హోల్డరు నుంచి తీసుకుంటారు. కంపెనీ వైరింగులో చాలా బండ్లకు కుడి, ఎడమ లైట్లకు వేరువేరు ఫ్యూజులుంటాయి. ఒకటి పోయినా రెండోది దారి చూపిస్తుంది. కిట్టు వేశాక ఆ ఒక్క పాత హోల్డరులో రేకు వదులైతే చాలు, రెండు లైట్లూ ఆరిపోతాయి. మెలికల రోడ్డు మీద అరవై వేగంలో అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే డిమ్‌కు కుడి పక్కకు ఒక రిలే, ఫ్యూజు, ఎడమ పక్కకు ఇంకో రిలే, ఇంకో ఫ్యూజు, సిగ్నల్ కూడా ఎవరి పాత హోల్డరు నుంచి వారికి తీసుకోమని గట్టిగా చెబుతాను. ఖర్చు రెండు రిలేలు, కాస్త వైరు మాత్రమే.

కొన్ని బండ్లలో హోల్డరు ఉమ్మడి పిన్నుకు ఎప్పుడూ ప్లస్ ఉండి, స్విచ్చు ఎర్త్ వైపు కలుపుతుంది. అలాంటి బండికి మామూలు కిట్టు తగిలిస్తే రిలే ఉలకదు, పలకదు. పాత హోల్డరు ఊడదీసి, లైటు స్విచ్చు వేసి, ఉమ్మడి పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య కొలవండి. పూర్తి వోల్టేజి చూపిస్తే అది ఎర్త్ స్విచ్చు బండి. కాయిలు ఒక కాలును ఆ ఉమ్మడి పిన్నుకు, రెండో కాలును డిమ్ లేదా బ్రైట్ పిన్నుకు కలిపితే పనిచేస్తుంది. నిజానికి డయోడ్ లేని రిలే కాయిలును ఎప్పుడూ ఇలా హోల్డరు పిన్నుల మధ్యే కలిపితే ఏ రకం బండికైనా సరిపోతుంది.

రిలేను కాళ్లు కిందకు ఉండేలా బిగించండి. కాళ్లు పైకి పెడితే సర్వీసింగులో కొట్టిన నీళ్లు నేరుగా సాకెట్లో నిలుస్తాయి.

ఫ్యూజు ఊరికే పోతుంటే

24 వోల్టుల లారీలో రెండు 75 వాట్ల బల్బులకు ఆరు ఆంపియర్ల పైచిలుకు కరెంటు. ఒక రిలే లైనుకు 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు సరిపోతుంది. 12 వోల్టుల పికప్‌కు 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. రిలే దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరుకు కాపలా లేనట్టే, ఛాసిస్‌కు ఒరుసుకుంటే మంట లేస్తుంది. పోతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేయడం, సిగరెట్టు పెట్టెలో రేకు చుట్టడం బండికి నిప్పు పెట్టడమే.

ఎప్పుడు పోతోందో గమనించండి. గుచ్చగానే పోతే ఫ్యూజుకూ రిలేకూ మధ్య షార్టు. స్విచ్చు వేశాక పోతే రిలే దాటాక. గోతిలో పడినప్పుడు పోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయింది. అప్పుడు రెండు బల్బులూ తీసేసి, ఫ్యూజు స్థానంలో టెస్టు లాంపు తగిలించి, స్విచ్చు వేయండి. షార్టు ఉంటే లాంపు వెలుగుతుంది, ఫ్యూజులు తగలేయక్కర్లేదు. ఇప్పుడు వైరును బ్యాటరీ వైపునుంచి జానెడు జానెడుగా కదుపుకుంటూ రండి. ఏ చోట కదిపితే లాంపు ఆరుతుందో, రెపరెపలాడుతుందో అక్కడ టేపు విప్పండి. క్యాబిన్ ఎత్తే కీలు దగ్గర, రేడియేటరు అంచున, బంపరు రంధ్రం దగ్గర ముందుగా చూడండి.

చవక కిట్టులో వైరు మీద అనుమానం వస్తే కొస బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే, పైగా ఊపులకు పోగులు తెగుతాయి. పీకి పారేయండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి ఆటో వైరు విశాఖ ఆటోనగర్‌కు వెళ్లక్కర్లేకుండా మన దగ్గరే దొరుకుతుంది.

హోల్డర్లు, ఎక్కువ వాట్ల బల్బులు, ఎల్‌ఈడీలు

హోల్డరు గోధుమ రంగుకు తిరిగినా, రేకు నీలంగా మారినా వేడెక్కిందని అర్థం. వదులైన రేకు వల్ల కావచ్చు, 100/90 వాట్ల బల్బు వల్ల కావచ్చు. బల్బు మాత్రమే మారిస్తే కొత్తదాని పిన్ను కూడా మాడుతుంది. పింగాణీ హోల్డరు వేసి, లోపలి రేకులు పిన్నును బిగిగా పట్టుకునేలా చూడండి. 100/90 బల్బు వేడికి రిఫ్లెక్టరు పూత కూడా మసకబారుతుంది, అప్పుడు వాట్లు ఎన్నున్నా వెలుగు ముందుకు పోదు.

ఎల్‌ఈడీకి ప్లస్ మైనస్ తిరగబడితే వెలగదు. ఎర్త్ స్విచ్చు బండ్లలో కొన్ని ఎల్‌ఈడీ బల్బులు అందుకే పనిచేయవు. మిణుకుమంటోందంటే వోల్టేజి తడబడుతోందేమో చూడండి, లేదా బీఎస్6 పెట్టె బల్బు పోయిందా అని పంపే చిన్న పల్సులు కావచ్చు. వెనక ఫ్యాను ఆగిపోయిన ఎల్‌ఈడీ కాసేపు వెలిగి, వేడెక్కి తగ్గిపోతుంది. హెచ్4 ఫిలమెంటుకు చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, మన రోడ్డు మీద మాత్రం నల్లటి మచ్చలు మిగులుతాయి. మొత్తం లైటు మారుస్తుంటే ఎడమ వైపు నడిచే దేశాలకు చేసిందే కొనాలి. ఆ లైటు డిమ్ వెలుగు ఎడమ గట్టు వైపు పైకి లేస్తుంది. తిరగబడిన రకం వేస్తే ఆ లేచే వెలుగు ఎదురు బండి డ్రైవరు మీదకు పోతుంది.

మళ్లీ కట్టేటప్పుడు

మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కూడా మిగలకూడదు. తింబిలు వేసి నొక్కి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు ఎక్కించండి. సోల్డరింగ్ చేస్తే, అతుకు చివర వైరు గట్టిపడి ఊపులకు అక్కడే విరుగుతుంది. అందుకే లారీలో నొక్కిన జాయింటే మేలు. వైరు మీద ముడతల గొట్టం వేసి, సైలెన్సరుకూ స్టీరింగు రాడ్లకూ దూరంగా తీసుకెళ్లి, జానెడుకొక క్లిప్పు బిగించండి. క్యాబిన్ ఎత్తే చోట ఒక ఒంపు వదలండి, ఎత్తి దించి చూసుకోండి.

లైటు దిశ

వైరింగు బాగుపడ్డాక లైటు ఎటు చూస్తోందో సరిచేయాలి. రోజూ వేసే లోడుతోనే చేయండి, వెనక బరువు పడితే ముందు లేస్తుంది. రైసు మిల్లు గోడకో గోడౌన్ గోడకో చదునుగా 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. లైటు మధ్య భాగం నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతకన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకు గీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీత మీద ఉండాలి.

1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వ నియమం ప్రకారం లైటు కిందకు వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదు. 111వ నియమం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైట్లు పెట్టకూడదు. పైన వరసగా ఫోకస్ లైట్లు బిగించిన లారీ ఎదురొచ్చినప్పుడు రోడ్డంచున సైకిలు మీద వెళ్తున్న మనిషి మనకు కనబడకుండా పోతాడు. ఆ మనిషి మన ఊరివాడే.

చివరి పరీక్ష

రాత్రి లైట్లు వేసి అరగంట బండి నడిపి, ఆపి, ఇంజను ఆపకుండానే ప్రతి జాయింటు, హోల్డరు, రిలే, ఫ్యూజు డబ్బా చేత్తో ముట్టుకుంటూ రండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడి ఉండకూడదు. మొదట రాసుకున్న మూడు కొలతలూ మళ్లీ తీసి పక్కన రాయండి. ఏ రంగు వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో, ఏ రిలే దేనిదో ఆ కాగితం మీదే బొమ్మ గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు ఫ్యూజులు, ఒక రిలే, ఒక బల్బుతో కలిపి డాష్‌బోర్డు అరలో ఉంచండి. బండి ఇంకో డ్రైవరు చేతికి వెళ్లినా, కోరాపుట్‌లో ఇంకో ఎలక్ట్రీషియన్ చేతికి వెళ్లినా అది ఉపయోగపడుతుంది.